సాఫ్టువేరు కొలువునకు ముఖాముఖి పరీక్ష



ఈనాటి నా ప్రసంగవిషయము మీకు కొంత క్రొత్తగా తోచవచ్చును. పురాణమో పంచాంగమో చెప్పుకొనవలసిన వయస్సున ఈ ముసలి బడిపంతులు సాఫ్టువేరు కొలువులను గూర్చి చెప్పుట యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. కాని బీచుపల్లి వంతెనకు ఇరుప్రక్కల నున్న పల్లెలలో ఇంజనీరింగు చదివిన పిల్లవాడో పిల్లయో లేని వీథి నేడు అరుదు. వారిలో పలువురు పట్టా చేతికి వచ్చిన తరువాత కూడ ఏడాదియో రెండేండ్లో గదిలో కూర్చుండి చదువుచునే యున్నారు. "పట్టా వచ్చెను గదా, ఇంక చదువేమి?" అని ఇంటి పెద్దలు అడుగుదురు. పిల్లలు సమాధానము చెప్పలేక విసుగుకొందురు. ఆ సమాధానమును వారి తరఫున నేను చెప్పదలచితిని.

నేను కంప్యూటరు శాస్త్రము చదివినవాడను గాను. వ్యాకరణము, ఛందస్సు చదివి, ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పినవాడను. నా శిష్యులలో కొందఱు ఈ కంపెనీలలో పనిచేయుచున్నారు. వారిలో ఒకరిద్దఱు ఇప్పుడు తామే పరీక్షకులై యితరులను పరీక్షించుచున్నారు. పండుగలకు ఇంటికి వచ్చినపుడు వారిని కూర్చుండబెట్టి అడిగి తెలిసికొన్న సంగతులను మనకు తెలిసిన మాటలతో చెప్పెదను.

మొదట కంపెనీల సంగతి. 1998వ సంవత్సరము నవంబరులో నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు హైదరాబాదు మాదాపూరులో సైబర్ టవర్సు అను భవనమును ప్రారంభించిరి. ఆ యేడే మైక్రోసాఫ్టు కంపెనీవారు ఆ నగరమున తమ కార్యస్థానమును పెట్టిరి. 2004లో గూగులు వచ్చెను. అమెజాను వారు 2019లో అచట తెఱచిన భవనము ప్రపంచమున తమకున్న భవనములలో నెల్ల పెద్దదని వారే ప్రకటించిరి. బీచుపల్లి యొద్ద పెద్దబాట నెక్కినచో మూడు నాలుగు గంటలలో ఆ భవనముల నీడకు చేరవచ్చును.

పెద్ద కంపెనీ యనునపుడు మనవారు రెండు తెగలను కలిపి మాట్లాడుదురు. 1968లో పుట్టిన టీసీఎస్, 1981లో పుట్టిన ఇన్ఫోసిస్, విప్రో మున్నగునవి ఒక తెగ. ఇవి ఇతరుల పనులను ఒప్పుకొని చేయును. కాలేజీలకు వచ్చి ఒక్కసారిగా వేలమందిని తీసికొనును. వీరి పరీక్షలో లెక్కలు, ఇంగ్లీషు, తర్కము, చిన్న ప్రోగ్రాములు ఉండును. ముఖాముఖి స్వల్పము. క్రొత్తగా చేరినవారిలో ఎక్కువమందికి ఏడాదికి మూడు, మూడున్నర లక్షల రూపాయల ప్రాంతమున ఇత్తురు. మైక్రోసాఫ్టు, గూగులు, అమెజాను వంటివి రెండవ తెగ. ఇవి తమ సరకును తామే తయారుచేయును. తీసికొనునది కొద్దిమందిని, ఇచ్చునది దానికి కొన్ని రెట్లు. పరీక్షయు అట్లే కొన్ని రెట్లు కఠినము. నేను ముఖ్యముగా చెప్పబోవునది ఈ రెండవ తెగను గూర్చియే.

అభ్యర్థి తన చదువును, చేసిన పనులను ఒక పుటలో వ్రాసి పంపును. అందలి ప్రతి మాటను గూర్చియు ప్రశ్న రావచ్చును గనుక, తెలియని విద్యను తెలిసినట్లు వ్రాసికొన్నవాడు తన గోతిని తానే త్రవ్వుకొన్నట్లు. ఆ పుట నచ్చినచో, ఇంటినుండియే కంప్యూటరుపై చేయవలసిన పరీక్ష నొకటి పెట్టుదురు. గంట, గంటన్నర కాలములో రెండు మూడు సమస్యలకు ప్రోగ్రాములు వ్రాయవలెను. అందు నెగ్గినవారికి ముఖాముఖి పరీక్షలు. అవి ఒకటి గాదు, నాలుగైదు. ఒక్కొక్కటి ముప్పావుగంట మొదలు గంటవఱకు సాగును. ఒక్కొక్కదానికి పరీక్షకుడు వేఱు. ప్రతివాడును తన యభిప్రాయమును వ్రాసి యిచ్చును. పిమ్మట ఆ వ్రాతలనన్నిటిని ముందిడుకొని నిర్ణయము చేయుదురు. గూగులులో అభ్యర్థి ముఖమైనను చూడని వేఱొక సంఘము ఆ వ్రాతలను పరిశీలించును. అమెజానులో పరీక్షకులలో ఒకడు ఆ శాఖకు చెందనివాడై యుండును. ఖాళీని త్వరగా నింపుకొనవలెనను తొందరలో శాఖవారు ప్రమాణమును తగ్గింపకుండ కాచుట అతని పని. ఇదంతయు ఎందులకు చెప్పుచున్నాననగా, మనవారు "ఎవరినైన పట్టుకొన్నచో పని యగునా?" అని అడుగుచుందురు. లోపల పనిచేయు స్నేహితుడు సిఫారసు చేసినచో దరఖాస్తును ఎవరైన తెఱచి చూచుట తటస్థించును. అది అంతవఱకే. ఆ పై మెట్లను పిల్లవాడు తన కాళ్లతో ఎక్కవలసినదే.

మెట్లనగానే జ్ఞాపకము వచ్చినది. ఆ పరీక్షలో ఏమి అడుగుదురో తెలియుటకు ఒక ప్రశ్నను చెప్పెదను. ఈ పరీక్షలకు చదువు పిల్లలందఱికిని ఇది తెలిసిన ప్రశ్నయే. కృష్ణ రేవున పది మెట్లున్నవనుకొనుడు. స్నానము చేసి పైకి వచ్చు బాలుడు ఒక అంగకు ఒక మెట్టైనను ఎక్కవచ్చును, రెండు మెట్లైనను ఎక్కవచ్చును. పది మెట్లను అతడు ఎన్ని విధముల ఎక్కగలడు?

శిష్యుడొకడు ఈ ప్రశ్నను నాకు చెప్పినపుడు నాకు నవ్వు వచ్చెను. ఛందస్సు చదివినవానికి ఇది క్రొత్త గాదు. లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు. ఒక మెట్టును లఘువనుకొని, రెండు మెట్ల అంగను గురువనుకొన్నచో, పది మెట్లెక్కు విధములనగా పది మాత్రలకు ప్రస్తారము వేసినపుడు వచ్చు భేదములే. కందపద్యమునకు నాలుగు మాత్రల గణము లెన్ని యని మీలో పద్యమెఱిగిన పెద్దలను అడిగినచో, గగ, భ, జ, స, నల యని ఐదింటిని తడవుకొనక చెప్పుదురు. నాలుగు మెట్లనెక్కు విధములును ఆ ఐదే. గగమనగా రెండేసి మెట్ల అంగలు రెండు. భగణమనగా మొదట రెండు, తరువాత ఒకటి, ఒకటి. జగణమున రెండు మెట్ల అంగ నడుమ వచ్చును, సగణమున కడపట వచ్చును. నలమనగా నాలుగును ఒక్కొక్కటిగా ఎక్కుట.

మాత్రలు పెరిగినకొలది ప్రస్తారమంతయు వ్రాయుట ప్రయాస. వ్రాయకుండగనే భేదముల సంఖ్యను తెలిసికొను ఉపాయమును మన ఛందశ్శాస్త్రజ్ఞులే కనుగొనిరి. విరహాంకుడు దానిని చెప్పెను. పండ్రెండవ శతాబ్దమున జైనాచార్యుడైన హేమచంద్రుడు స్పష్టముగా చెప్పెను. ఇటలీ దేశస్థుడైన ఫిబొనాచ్చి 1202లో వ్రాసిన గ్రంథమున ఆ సంఖ్యలే కలవు. లోకమున అతని పేరే వానికి నిలిచినది. అమెరికా దేశపు కంప్యూటరు శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ క్నూత్ మాత్రము తన మహాగ్రంథమున మన ఛందస్కర్తలను స్మరించి ఋణము తీర్చెను. ఉపాయమిది. బాలుని కడపటి అంగను చూడుడు. అది ఒక మెట్టుదైనచో అంతకుముందు తొమ్మిది మెట్లను ఎక్కియుండవలెను. రెండు మెట్లదైనచో ఎనిమిదింటిని ఎక్కియుండవలెను. మూడవ దారి లేదు. కావున తొమ్మిదింటి విధములను, ఎనిమిదింటి విధములను కూడినచో పదింటి విధములు వచ్చును. ఒక మెట్టునకు 1, రెంటికి 2, మూటికి 3, నాలుగింటికి 5, ఐదింటికి 8, పిమ్మట 13, 21, 34, 55, పదింటికి 89.

ఈ 89ని కంఠస్థము చేసి చెప్పినచో కొలువిత్తురా? ఇయ్యరు. పరీక్షకునకు 89తో పనిలేదు. ఆ సంఖ్యకు పిల్లవాడు ఏ దారిని నడచి వచ్చునో చూచుటయే అతనికి కావలసినది. నేర్పరియైన అభ్యర్థి మొట్టమొదట తానే యెదురు ప్రశ్న వేయును. మూడు మెట్లు దూకుట కలదా? మరల క్రిందికి దిగవచ్చునా? మెట్లు పదియేనా, పది లక్షలును కావచ్చునా? తరువాత నాలుగు మెట్ల వంటి చిన్న యుదాహరణమును తీసికొని చేతితో చేసి చూపును. పిమ్మట తనకు మొదట తోచిన మోటు ఉపాయమును దాపక చెప్పి, అందలి లోపమును పరీక్షకుడు పట్టుకొనక మునుపే తాను చెప్పును.

ఆ లోపమేమనగా: పదింటికొఱకు తొమ్మిదింటిని, ఎనిమిదింటిని లెక్కింపుమని కంప్యూటరుతో చెప్పితిమి. తొమ్మిదింటిని లెక్కించుటకు అది మరల ఎనిమిదింటిని లెక్కించును. చేసిన లెక్కనే చేయుచు, మఱచిపోయి మరల చేయుచుండును. నలుబది మెట్లనెక్కు విధములు 16,55,80,141. మోటు ఉపాయమును పట్టినచో కంప్యూటరు ఇన్ని కోట్ల మార్లు శ్రమపడవలెను. వచ్చిన ఫలమును వచ్చినట్లే ప్రక్కన పట్టీలో వ్రాసికొన్నచో 38 కూడికలతో పని తీఱును. కిరాణా అంగడివాడు ఖాతాపుస్తకము పెట్టుకొనుటయు ఇందుకే గదా. ఇంకను ఆలోచించినవాడు, పట్టీ యంతయు ఏల, కడపటి రెండు సంఖ్యలు జ్ఞాపకమున్న చాలు ననును. ఇట్లు మోటు నుండి నయమునకు, నయము నుండి మిక్కిలి నయమునకు, నోటితో చెప్పుచు నడచుటయే ఆ ముప్పావుగంటలో జరుగు పరీక్ష. పిదప ప్రోగ్రాము వ్రాయవలెను. వ్రాసి, మెట్లు సున్న యైనచో ఏమగును, ఒక్కటే యైనచో ఏమగును అని తన వ్రాతను తానే పరీక్షించుకొనవలెను.

అంతటితో వదలరు. "మూడవ మెట్టు విఱిగియున్నది, దానిపై కాలు మోపరాదు, ఇప్పుడెన్ని?" అని మెలిక పెట్టుదురు. అవధానములను చూచినవారికి ఇది నిషిద్ధాక్షరి వలె తోచును. 89ని వల్లించినవాడు అచటనే నిలిచిపోవును. దారి తెలిసినవాడు మూడవ మెట్టునకు సున్న వ్రాసి, తక్కిన కూడికలను యథాప్రకారము సాగించి, 26 అని చెప్పును. పూర్వము విద్వద్గద్వాల యని పేరుగన్న మన సంస్థానమునకు దూరదేశముల నుండి పండితులు వచ్చి విద్యను చూపి సన్మానము పొందెడివారు. తిరుపతి వేంకటకవులు సైతము గద్వాల, ఆత్మకూరు సంస్థానములకు వచ్చిరి. అప్పుడును ఇంట వ్రాసి తెచ్చిన పద్యమునకంటె సభలో అడిగినపుడు చెప్పిన పద్యమునకే విలువ.

ఇట్టి ఉపాయములు పది పండ్రెండు జాతులుగా ఉండును. వేయి పుటల నిఘంటువులో ఒక పదమును వెదకుటకు మొదటి పుటనుండి త్రిప్పువాడు వేయి పుటలు త్రిప్పవలసి రావచ్చును; నడుమకు తెఱచి, ముందా వెనుకా యని సగమును విడిచిపెట్టుచు పోవువాడు పది మార్లలో ఆ పుటను చేరును. ఇదియొక జాతి. పిల్లలు నెలల తరబడి అభ్యసించునది ఈ జాతులను గుర్తుపట్టుటను.

ఒక విశేషమును చెప్పవలెను. కొన్నాళ్ల క్రిందట ఈ కంపెనీలలో కొన్ని పొడుపుకథల వంటి ప్రశ్నలను అడిగెడివి. అవి కాలవ్యర్థమనియు, వానివలన ఎవరు బాగుగా పనిచేయుదురో తెలియలేదనియు 2013లో గూగులు కంపెనీ ఉద్యోగుల శాఖాధిపతి లాస్లో బాక్ బహిరంగముగా చెప్పెను. కావున పాత పొడుపుకథల పుస్తకములను ఇంకను కొని చదువుట దండుగ.

ఇప్పుడు మన పల్లెపిల్లలకు తగులు ముఖ్యమైన చిక్కును చెప్పెదను. పెద్దల యెదుట నోరు విప్పకుండుట మనయొద్ద మర్యాద. బడిలో కూడ మేము, అనగా పంతుళ్లము, అడిగినదానికి మాత్రమే సమాధానము చెప్పించితిమి. ఆ పిల్లవాడే పరీక్షకుని యెదుట కూర్చుండి పదినిమిషములు మౌనముగా ఆలోచించును. వాని మనస్సులో ఎంత చక్కని ఆలోచన నడచుచున్నను పరీక్షకునకు కనబడునది శూన్యమే. తెలియనివాడని వ్రాసికొని పోవును. తెలివి తక్కువై తప్పినవారికంటె నోరు పెగలక తప్పినవారే మన ప్రాంతమున ఎక్కువ యని నా శిష్యులు చెప్పుదురు. నా అనుభవమును అదే. ఆలోచనను పైకి చెప్పుచు చేయుట వేఱొక విద్య. దానిని విడిగా నేర్వవలెను.

రెండవ చిక్కు "మేము" అను మాట. "నీవు చేసిన పనిలో ఒక కష్టము వచ్చినపుడు ఏమి చేసితివి?" అని తప్పక అడుగుదురు. మన పిల్లవాడు వినయముచేత "మేము ఇట్లు చేసితిమి, మేము అట్లు చేసితిమి" అనును. పరీక్షకునకు కావలసినది వాని భాగము. "నేను" అనుట మనకు గర్వముగా వినబడును గాని అచట అది లెక్క యప్పగించుట మాత్రమే. పరిస్థితి యెట్టిది, తన వంతు పని యేది, తానేమి చేసెను, ఫలమేమి యని నాలుగు భాగములుగా, జరిగినదానిని జరిగినట్లు రెండు మూడు నిమిషములలో చెప్పుట నేర్చుకొనవలెను. అమెజాను కంపెనీవారు తమకు కావలసిన గుణములను పదునాఱు సూత్రములుగా బహిరంగముగానే ప్రకటించియున్నారు. ఇట్టి ప్రశ్నలన్నియు వానినుండియే పుట్టును గనుక, ఒక్కొక్క సూత్రమునకు తన జీవితమున నిజముగా జరిగిన సంగతి నొకదానిని ముందుగా తలచుకొని యుంచుకొనవలెను. అల్లినకథ నిలువదు, ఎదురు ప్రశ్నలు మూడు పడగానే చినిగిపోవును.

ఈ సందర్భమున సత్య నాదెళ్లగారి ముచ్చట నొకటి చెప్పుదును. హైదరాబాదున పుట్టి, బేగంపేట పబ్లిక్ స్కూలులో చదివి, 1992లో మైక్రోసాఫ్టులో చేరి, 2014లో దానికి అధిపతియైన తెలుగువాడు. తన ముఖాముఖి పరీక్షను గూర్చి ఆయన 2017లో వెలువడిన తన గ్రంథమున చెప్పుకొనెను. నడివీథిలో శిశువు పడి యేడ్చుచున్నది, నీవేమి చేయుదు వని పరీక్షకుడు అడిగెనట. అత్యవసర సహాయమునకు టెలిఫోను చేయుదునని ఈయన చెప్పెనట. పరీక్షకుడు లేచి, భుజముపై చేయి వేసి, ముందు ఆ బిడ్డను ఎత్తుకొనవలెను గదా యని చెప్పి సాగనంపెనట. ఉద్యోగము రాదనియే ఆయన తలచెను, కాని వచ్చెను. మన యూరిలో ఏ అవ్వ నడిగినను ఆ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పియుండును.

కొన్నియేండ్లు పనిచేసి పెద్ద కొలువునకు పోవువారిని వేఱొక తరహా ప్రశ్న అడుగుదురు. ఒక పెద్ద యేర్పాటును మొదటినుండి కడవఱకు ఎట్లు కట్టుదువో చెప్పుమందురు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరములకు బీచుపల్లి రేవునకు జనము వచ్చిన తీరు మీకు జ్ఞాపకమున్నది గదా. అట్టి జనమునకు బస గదులను కంప్యూటరు ద్వారా కేటాయింపవలెననుకొనుడు. ఒక్క కిటికీ చాలదు, పది పెట్టవలెను. పది కిటికీలున్నచో ఒకే గదిని ఇద్దఱకు ఇచ్చు ప్రమాదము కలదు, కావున అందఱికిని ఒకే చిట్టా ఉండవలెను. ఆ చిట్టా యొక్కటే యైనచో, అది చెడినపుడు పని యంతయు ఆగును, కావున దానికి నకలు ఉండవలెను. నకలునకును అసలునకును తేడా వచ్చినచో దేనిని నమ్మవలెను? ఇట్లు ఒక చిక్కు విప్పగా వేఱొక చిక్కు పుట్టును. దీనికి ఒక్కటే సరియైన సమాధానము లేదు. ఏది కావలెనన్న ఏది వదలుకొనవలెనో కారణముతో చెప్పువానికి మార్కులు.

ఇక అభ్యాసము. బాగుగా చదివినవానికైనను మూడు నెలలు, పని చేసికొనుచు చదువువానికి ఆఱు నెలలు పట్టును. దినమునకు పది సమస్యలను తొందరగా చూచి, జవాబులను చదివి, అయినదనిపించుకొనుట వ్యర్థము. రెండు సమస్యలను తానై చేయవలెను. అరగంట సేపు పెనుగులాడియు తెగనిచో జవాబును చూచి, వారము తరువాత దానినే చూడకుండ మరల చేయవలెను. వేదమునకు వల్లె యెట్లో దీనికి ఈ ఆవృత్తి యట్లు. కాని వల్లెవేయవలసినది దారిని, జవాబును గాదు. పాఠములకు వేలు పోయనక్కఱలేదు. ఐఐటీల ఆచార్యులు చెప్పిన ఎన్పీటీఈఎల్ పాఠములు డబ్బులేకయే దొరకును. అమీర్‌పేటలో శిక్షణ యిచ్చు సంస్థలు చాల గలవు. వానిలో నయమైనవియు ఉన్నవి, బోర్డు మాత్రమే ఉన్నవియు ఉన్నవి. చేరుటకు ముందు ఒక పాఠమును ఊరక కూర్చుండి వినుమని పిల్లలకు చెప్పుడు.

అన్నిటికంటె ముఖ్యమైన అభ్యాసము ఎదుట ఒక మనుష్యుని కూర్చుండబెట్టుకొని చెప్పుట. స్నేహితుడు దొరికిన మంచిది. లేనిచో ఆ మనుష్యుడు మీరే కావచ్చును. మీకు కంప్యూటరు తెలియకపోవుట దీనికి అడ్డు గాదు, మేలే. "నాకు తెలియునట్లు చెప్పుము" అని కూర్చుండుడు. మెట్ల లెక్కను మనుమడు మీకు తెలుగున విప్పి చెప్పగలిగినచో వానికి అది నిజముగా తెలిసినట్లు. మీకు అర్థము గాని చోట "అదేల?" అని అడుగుడు. అతడు తడబడిన చోటనే వాని లోపము ఉండును. తెలుగున తేటపడిన తరువాత దానినే ఇంగ్లీషున చెప్పుకొనుట అంత కష్టము గాదు. పరీక్ష జరుగునది ఇంగ్లీషుననే గాని, వ్యాకరణదోషములకై ఎవరును తోసివేయరు. మాట తెలిసిన చాలును.

ఈమధ్య కృత్రిమమేధ యను యంత్రములు వచ్చి ప్రోగ్రాములను తామే వ్రాయుచున్నవి. ఇంటినుండి పరీక్ష యిచ్చునపుడు వానిని చాటున పెట్టుకొని చూచి చెప్పువారు బయలుదేఱిరి. దానివలన కొన్ని కంపెనీలు అభ్యర్థులను మరల తమ కార్యాలయమునకే పిలిపించి ఎదుట కూర్చుండబెట్టి అడుగుచున్నవి. సంశయము తీర్చుకొనుటకు ఆ యంత్రము మంచి గురువే. పరీక్షలో పక్కనుండి చెప్పు దొంగగా పెట్టుకొన్నచో చెఱుపు.

ఇప్పుడు పెద్దలు చెవి యొగ్గి వినవలసిన మాట. మన ప్రాంతపు గ్రామమున ఒక రైతు తన కుమారుని కొలువుకై ఎకరము భూమిని అమ్మి మధ్యవర్తి నొకనికి ఇచ్చెను. "వెనుకదారిన చేర్పించెదను" అని వాడు చెప్పెను. ముద్ర వేసిన కాగితము నొకటి యిచ్చెను. పిల్లవాడు దానిని పట్టుకొని హైదరాబాదునకు పోగా వాకిటిలోని కావలివాడే అది దొంగకాగితమని చెప్పెను. భూమి పోయెను, మధ్యవర్తి టెలిఫోను మూగవోయెను. టీసీఎస్, ఇన్ఫోసిస్ మొదలైన కంపెనీలు ఉద్యోగమునకై తాము ఎవరియొద్దను డబ్బు పుచ్చుకొనమని బహిరంగముగా ప్రకటించియున్నవి. ధరావతు అనిన, శిక్షణరుసుము అనిన, ల్యాప్‌టాపు ఖరీదు అనిన, పేరు ఏదైనను అది మోసమే. ఎవడైన ఉత్తరము పంపినచో అది కంపెనీ సొంత చిరునామానుండి వచ్చెనా, ఎవరికైనను ఊరక దొరకు చిరునామానుండి వచ్చెనా యని పిల్లలచేత చూపించుకొనుడు. డబ్బు పంపిన తరువాత మోసమని తెలిసినచో సిగ్గుపడి కూర్చుండక ఆ క్షణముననే 1930 అను సంఖ్యకు టెలిఫోను చేయవలెను. తొందరగా చెప్పినకొలది ఆ సొమ్మును బ్యాంకులో నిలుపుటకు వీలుండును.

దొంగ అనుభవపత్రములను అమ్మువారును కలరు. చేయని ఉద్యోగమును మూడేండ్లు చేసినట్లు కాగితము పుట్టింతురు. కంపెనీలు ప్రావిడెంటు ఫండు ఖాతాను చూచినచో ఎవడు ఎక్కడ ఎన్నాళ్లు పనిచేసెనో తేలిపోవును. చేరిన ఆఱు నెలలకు పట్టుపడి బయటికి పోవుట, ఆదిలో రాకపోవుటకంటె చెడ్డది.

కొలువు రానంతమాత్రమున పిల్లవాడు మందుడని తలంపరాదు. 2023 జనవరిలో మైక్రోసాఫ్టు పదివేలమందిని, గూగులు మాతృసంస్థ పండ్రెండువేలమందిని, అమెజాను పదునెనిమిదివేలమందిని తగ్గించెదమని ప్రకటించినవి. అట్టి కాలమున నేర్పరులకును తలుపులు తెఱచుకొనవు. ఒకమారు తప్పినవారిని మరల రానిచ్చుటకు కొన్ని కంపెనీలు ఆఱు నెలలు, కొన్ని సంవత్సరము గడువు పెట్టును. గడువు తీఱిన పిదప పాత ఓటమిని ఎత్తిచూపక మరల పరీక్షింతురు. ఈలోపల మొదటి తెగ కంపెనీలో చేరి పనిచేయుచు చదువుకొనుట తెలివైన పని. "ఇంకను రాలేదా?" యని దినమును అడుగుట మాత్రము మానుడు. "నేడు ఏ లెక్క చేసితివి?" అని అడుగుడు.

ఆడపిల్లల సంగతి వేఱుగా చెప్పవలసియున్నది. ఇంటనుండి చదువుకొను కుమారునకు కాఫీ గదిలోనికి పోవును. ఇంటనుండి చదువుకొను కుమార్తె కాఫీ కాచుటకు లేవవలెను. సమస్యను పట్టుకొని యున్న మనస్సును నడుమ నాలుగుమార్లు లేపినచో ఆ రెండు గంటలును పోయినట్లే. ఉదయము రెండు గంటలు, సాయంత్రము రెండు గంటలు ఆమెను ఎవరును పిలువరాదని ఇంటి పెద్ద ఒక్కమాట చెప్పినచో చాలును.

పరీక్షనాడు ఇంటినుండియే కంప్యూటరుముందు కూర్చుండవలసివచ్చినచో, కరెంటు పోయినను ఆగకుండ బ్యాటరీ నింపి, ఇంటర్నెట్టునకు రెండు టెలిఫోనులను సిద్ధముగా ఉంచవలెను. వీధి తలుపు దగ్గఱగా వేసి, గొడ్లసాలకు దూరముగా నున్న గదిని ఇయ్యవలెను. ముందునాడే భజనమందిరము వారికి వేళ చెప్పి, ఆ గంటసేపు మైకు ఆపుమని అడుగుడు. మంచిపనికని చెప్పినచో మన యూళ్లలో ఎవరును కాదనరు.